మాది కాని సోఫా

ఉత్తరం దగ్గర ఆగాం కదా. పోయిన వారం చదవనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చదివినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నాకప్పుడు పదిహేడేళ్ళు. మా నాన్న కుర్చీలకీ బల్లలకీ పాలిష్ వేసే మనిషి. మా అమ్మ బైండింగ్ షెడ్డులో నోటు పుస్తకాలు కుట్టేది. మా సందులో అప్పటిదాకా కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. అలాంటిది విద్యా సహాయ సంఘంవాళ్ళు పెట్టిన పరీక్షలో నేను మొదటిదాన్నయ్యాను, ఇంటర్వ్యూ కూడా గట్టెక్కాను. ఫీజూ హాస్టలూ పుస్తకాలూ మూడేళ్ళపాటు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఇక మిగిలింది ఒక్కటే. ఆఫీసు నించి ఒకరు మా ఇంటికొచ్చి, వీళ్ళు నిజంగానే లేనివాళ్ళని రాసుకుపోవాలి. ఒక ఆదివారం మేడమొచ్చింది, చూసింది, టీ తాగింది, వెళ్ళింది. పది రోజులకు ఉత్తరం వచ్చింది. మా కుటుంబ పరిస్థితి సంతృప్తికరంగా ఉందట. అందుకని మాకు సాయం అక్కర్లేదట. అభ్యంతరం ఉంటే శుక్రవారం సాయంత్రం ఐదులోగా చెప్పుకోవచ్చట.

ఉన్న ఒక్క గదిలో అడ్డంగా తాడు కట్టి, తాడు మీద దుప్పటి వేసి, ఇటు పడకగది అటు వంటగది అనుకునేవాళ్ళం. మరి ఆవిడకి అక్కడ అంత సంతృప్తి ఎలా దొరికిందంటారా? ఆ తప్పు మాదే. పెద్దమనిషి ఇంటికొస్తోందని మా అమ్మ సందంతా తిరిగి ఎవరింట్లో ఏది బాగుంటే అది అడిగి తెచ్చింది. నాన్న తను పనిచేసే దుకాణం నించి టేకు సోఫా తోపుడు బండి మీద తెచ్చి పెట్టాడు. వాళ్ళొచ్చేది మనకి ఏం లేదో చూడ్డానికే కదా అని నేనైనా చెప్పి ఉండాల్సింది. ఉన్నమాట చెప్పొద్దూ, సోఫా ఉంటే మా ఇల్లెలా ఉంటుందో చూడాలని నాకూ సరదా పుట్టింది. అంత తెలివైనదాన్ని, పరీక్షలో మొదటిదాన్ని!

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకి ముగ్గురం సంఘం ఆఫీసుకి వెళ్ళాం.

మేడమ్ గది రెండో అంతస్తులో వరండా చివర ఉంది. ఒక ఇనప బీరువా, దాని మీద పసుపు టేపుతో కట్టిన ఫైళ్ళు, బల్ల మీద మూత పెట్టిన నీళ్ళ గ్లాసు. మా ఇంటికొచ్చినప్పుడు ఎంత శుభ్రంగా ఇస్త్రీ బట్టలు కట్టుకొచ్చిందో ఇప్పుడూ అలాగే ఉంది. నవ్వు మాత్రం లేదు. "కూర్చోండి" అంది. బల్లకి ఇటువైపు రెండే కుర్చీలు. అమ్మ ఒకదాని అంచు మీద, లేవమంటే లేచిపోయేటట్టు కూర్చుంది. నాన్న రెండోది నా వైపు జరిపి తను వెనక నించున్నాడు.

"చెప్పండి. మీ అభ్యంతరం ఏమిటి?"

అమ్మ దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూ వచ్చింది. తీరా ఇక్కడికొచ్చేసరికి ఒక్క మాటే మిగిలింది. "మాకేం లేదండీ" అంది.

మేడమ్ ఫైలు తెరిచింది. "టేకు సోఫా ఒకటి. టేబుల్ ఫ్యాను ఒకటి. గోడ గడియారం, పింగాణీ కప్పులు ఆరు, పూల కర్టెన్లు. ఇవన్నీ నా కళ్ళతో చూసి రాసినవి. నేను అబద్ధం రాశానంటారా?"

"అయ్యో, అంత మాటనగలమా? అన్నీ ఉన్నాయండీ ఆ రోజు. మావి కావు, అంతే."

"మీవి కాకపోతే ఎవరివి?"

అమ్మ గొంతు సవరించుకుంది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది చూడండీ, ఇన్నేళ్ళయినా ఆ జాబితా నాకు నోటికొచ్చు.

"ఫ్యాను పక్కింటి అత్తదండీ. దానికి తోడు అత్త కూడా వచ్చింది. ఫ్యానుని ఒంటరిగా ఎక్కడికీ పంపదు. మీరున్నంతసేపూ దుప్పటి వెనకాల కూర్చుంది."

మేడమ్ కళ్ళజోడు పైనించి చూసింది. "మధ్యలో ఎవరో దగ్గినట్టయింది."

"ఆవిడేనండీ. ఆవిడకి ఫ్యాను గాలి పడదు."

"మరి కొనుక్కోవడమెందుకు?"

"కొనలేదండీ. లాటరీలో వచ్చింది."

నాకు నవ్వొచ్చి చచ్చినంత పనయింది. మేడమ్ మాత్రం ఫ్యాను అన్న మాట పక్కన చిన్న గీత గీసి, "గడియారం?" అంది.

"తపాలా తాతదండీ. రిటైరైన రోజున వాళ్ళ ఆఫీసులో ఇచ్చారట. దానికి తనే కీ ఇవ్వాలి, ఇంకొకళ్ళు ముట్టుకుంటే ఊరుకోడు."

మేడమ్ కలం ఆపింది. "నేను టీ తాగుతుంటే ఒక పెద్దాయన లోపలికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా స్టూలెక్కి, గడియారానికి కీ ఇచ్చి వెళ్ళిపోయాడు. మీ మామగారనుకున్నాను. మర్యాదకి లేచి నించున్నాను కూడా."

"తాత కూడా అదే చెప్పాడండీ. మేడమ్ చాలా మంచిదట, తనని చూసి లేచిందట. సందంతా చెప్పుకున్నాడు."

కప్పులు నర్సక్కవి. ఆరింట్లో ఒకదానికి బీట ఉంది, అది మేడమ్‌కి రాకుండా నేను మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను. కర్టెన్లు ఎదురింటి టైలరు పిన్నివి. మా కిటికీకి పొడుగయ్యాయని రాత్రికి రాత్రి మడిచి కుట్టి, మేడమ్ వెళ్ళాక మళ్ళీ కుట్లు విప్పుకుంది. టీలోకి పంచదార మూలింటి మామ్మ ఇచ్చింది, కానీ ఫైల్లో పంచదార లేదు కాబట్టి అమ్మ దాని ఊసెత్తలేదు. ఒక్కొక్క పేరు దగ్గరా అమ్మ గొంతు కాస్త గట్టిపడుతోంది. సిగ్గుతో చచ్చిపోతుందనుకున్న మనిషి, తన చుట్టాల గొప్ప చెప్పుకుంటున్నట్టు చెబుతోంది. మా సందులో ఏ ఒక్కరికీ రెండో ఫ్యాను లేదు, రెండో గడియారం లేదు. ఉన్న ఒక్కటీ తెచ్చి మా ఇంట్లో పెట్టారు, మన పిల్ల సీటు మన సందుకి సీటంటూ. తలో చెయ్యీ వేసి మా పుట్టి ముంచారని తర్వాత నాన్న వాళ్ళని ఏడిపించేవాడు గానీ, ఆ రోజు ఆ గదిలో కూర్చుని వింటుంటే నాకు ఒక్కటే అనిపించింది. ఇంతమంది నన్ను కావాలనుకుంటున్నారు. జీవితంలో అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. ఆ రుణం తీర్చుకోవడం నావల్ల కాలేదు, తీర్చుకోవాలని కూడా లేదు. అలా ఉండనివ్వండి.

"సోఫా?" అంది మేడమ్.

అమ్మ వెనక్కి తిరిగి నాన్నని చూసింది. నాన్న తన గోళ్ళు చూసుకుంటున్నాడు. పాలిష్ మరక ఆ గోళ్ళలో ఎప్పటికీ పోదు, ఎంత తోమినా గోధుమ రంగే.

"సోఫా మాదేనండీ" అన్నాడు.

అమ్మా నేనూ ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.

"పాతదండీ. ఎవరో వద్దని పారేస్తుంటే తెచ్చి బాగుచేసుకున్నాను. నా పనే అది కదా. తర్వాత ఇచ్చేశాను."

మేడమ్ కలం బల్ల మీద పెట్టింది. ఆవిడకి కోపమొచ్చిందేమో అనుకున్నాను. గొంతు మాత్రం మెత్తగానే ఉంది.

"ఆ రోజు మీ ఇంట్లో ముప్పావు గంట ఉన్నాను. ఆ సోఫాలో ముగ్గురు పడతారు. నేనొక్కదాన్నే కూర్చున్నాను. మీరు గుమ్మం దగ్గర నించున్నారు. ఈవిడ నేల మీద కూర్చుంది. అమ్మాయి గోడకి ఆనుకుని నించుంది. పక్కన కూర్చోమ్మా అంటే పర్లేదండీ అంది. నేను కప్పు ఎత్తినప్పుడల్లా ముగ్గురి ప్రాణాలూ కప్పు కింద ఉన్న సోఫా గుడ్డ మీదే. సొంత సోఫా ఉన్నవాళ్ళు ఎవరైనా దాని మీద ఒక్కసారైనా కూర్చోకుండా ఉంటారా?"

నాకు ఒళ్ళు మండింది. "అంత బాగా చూసినవాళ్ళు, అలా ఎందుకు రాశారు మేడమ్?" అనేశాను.

"నోర్ముయ్" అంది అమ్మ.

"అడగనివ్వండి. అప్పుడు అది మర్యాద అనుకున్నానమ్మా. సామాను చూసి రాశాను, మనుషుల్ని చూడలేదు. ఇందాక మీరొచ్చాక ఫైలు మళ్ళీ తీస్తే, అప్పుడు తట్టింది. నాకెందుకు తట్టిందని మాత్రం అడగొద్దు." ఆవిడ నీళ్ళ గ్లాసు మూత తీసి మళ్ళీ పెట్టేసింది. "చెప్పండి. సోఫా ఎవరిది?"

నాన్న తలుపు వైపు చూశాడు. వరండాలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోవడం వినబడింది.

"దుకాణానిదండీ. అమ్ముడైపోయిన సరుకు. మర్నాడు డెలివరీ."

"మీ ఓనరు ఇచ్చారా?"

"లేదండీ. అడక్కుండా తెచ్చాను."

"అడిగానన్నారు కదండీ!" అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "ఓనరు సంతోషంగా ఇచ్చాడని, జాగ్రత్తని కూడా అన్నాడని చెప్పారు కదండీ నాతో!"

"నువ్వు తేనిచ్చేదానివి కాదు మరి."

"ఎందుకు తేనిస్తాను?"

"అందుకే" అన్నాడు నాన్న.

అప్పటికి గానీ నాకు అసలు సంగతి బోధపడలేదు. ఆదివారం దుకాణం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో పొద్దున్నే అందరికన్నా ముందెళ్ళి తెరిచేది నాన్నే కాబట్టి తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. ఇరవై రెండేళ్ళ నమ్మకం మీద చేతికిచ్చిన తాళంచెవి. దానితో తలుపు తీసి, వేరేవాళ్ళు కొనుక్కున్న సోఫా బండికెక్కించి మా ఇంటికి తెచ్చాడు. సాయంత్రానికల్లా తిరిగి పెట్టేసి, ఇంకో పూత పాలిష్ కూడా వేశాడు. ఓనరుకి తెలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మేడమ్ దగ్గర ఆయన అబద్ధం ఎందుకాడాడో అది కూడా చెప్పక్కర్లేదు.

మేడమ్ కాసేపు కణతలు నొక్కుకుంది. "నోటిమాట ఫైల్లో పెట్టలేను. మిగతావాటికి ఈవిడ సంతకం చాలు. సోఫా పెద్ద వస్తువు, అది తనదేనని మీ ఓనరు ఒక ముక్క రాసి దుకాణం ముద్ర వేసివ్వాలి. సాయంత్రం ఐదులోగా. ఐదు దాటితే సీటు జాబితాలో తర్వాతి పేరుకి వెళ్ళిపోతుంది, ఆపడం నా చేతిలో లేదు. మీరు కాగితం తెస్తే, నా రిపోర్టు తప్పని నేనే రాసి సంతకం పెడతాను."

ఆఖరి మాట ఆవిడ చాలా మామూలుగా అంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు, సొంత రిపోర్టు తప్పని సొంత చేత్తో రాసుకోవడం ఎంత కష్టమో. ఇప్పుడు నేనూ ఒక ఆఫీసులో ఫైళ్ళ ముందు కూర్చుంటాను. నా తప్పు నేను రాసుకోవాల్సి వచ్చినప్పుడల్లా చెయ్యి వెనక్కి లాగుతుంది. అప్పుడు ఆవిడని తలుచుకుని రాసేస్తాను.

వరండాలోకి రాగానే నాన్న చెయ్యి పట్టుకున్నాను. "వద్దు నాన్నా. నాకు సీటొద్దు. అమ్మతో షెడ్డుకెళ్తాను. నా కుట్టు అమ్మ కుట్టుకన్నా బాగుంటుందని అక్కడ అందరూ అంటారు."

"ఎవరన్నారు?" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే.

నాన్న నా చెయ్యి విడిపించుకున్నాడు. "ఆదివారం పొద్దున సోఫా లోపల పెట్టగానే నువ్వు ఏం చేశావో చూశాను. ఎవరూ చూడ్డం లేదనుకుని సోఫా చేతిని వేలితో ఒక్కసారి ముట్టుకుని, వెంటనే రుమాలుతో తుడిచావు. నా కూతురు అలా తుడవకూడదు. అంతే. పద, టైమవుతోంది."

అమ్మకి మధ్యాహ్నం నించి షెడ్డులో పని. మెట్ల దగ్గర ఆగి, "నిదానంగా మాట్లాడండి. తప్పయిందని ముందే చెప్పేయండి. ఆయన అరిస్తే అరవనివ్వండి" అని నాన్నకి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి బస్సెక్కింది. నాన్నా నేనూ దుకాణం దారి పట్టాం.

దుకాణం అంటే ముందు అద్దాల గది, వెనక పెద్ద షెడ్డు. షెడ్డులోకి అడుగుపెడితే ముక్కుపుటాలు అదిరేంత స్పిరిట్ వాసన. ఆ వాసన మాకు మాత్రం నాన్న ఇంటికొచ్చిన వాసన. నన్ను పలకల దొంతర దగ్గర నించోమని ఆయన లోపలికెళ్ళాడు. ఓనరు గదికి తలుపుంది గానీ పైన సగం ఖాళీ. గాలి కోసం అలా వదిలేశారు. గాలితోపాటు మాటలూ వస్తాయని వాళ్ళకి తట్టలేదు.

ఓనరుని పనివాళ్ళంతా వెనకాల చెక్కమొహం అనేవాళ్ళు. కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఆ మొహంలో ఏమీ కదలదట. గొంతు కూడా అంతే. నాన్న జరిగిందంతా చెప్పాడు.

"ఏ సోఫా?" అన్నాడు చివరికి.

"బంగ్లావాళ్ళ ఆర్డరు సార్."

"సోమవారం పొద్దున వెళ్ళినదా?"

"అదే సార్. ఒక్క గీత పడలేదు. ఆ మేడమొక్కరే కూర్చున్నారు."

"అడిగితే ఇవ్వననుకున్నావా?"

"ఇస్తారో ఇవ్వరో తెలియలేదు సార్. ఇవ్వనంటే నాకు ఇంకో దారి లేదు. అందుకని అడగలేదు."

"నా తమ్ముడికి కూడా ఇవ్వలేదయ్యా ఆ తాళంచెవి."

షెడ్డులో ఎవరో చిత్రిక పడుతున్నారు, ఆ చప్పుడొక్కటే.

"కాగితం రాసివ్వడం నిమిషం పని" అన్నాడు ఓనరు. "ఆ సంఘంలో ఉన్న పెద్దలు సగంమంది మన గిరాకీలు. బంగ్లా ఆయన కూడా. రేపు నా ముద్ర ఉన్న కాగితం వాళ్ళ చేతుల్లో తిరుగుతుంది. కొత్తదని చెప్పి అమ్మిన సోఫా ఎవరింట్లోనో తిరిగొచ్చిందని తెలుస్తుంది. అప్పుడు నన్నడుగుతారు, ఆ పని చేసినవాణ్ణి ఏం చేశావని. ఇంకా నా దగ్గరే ఉన్నాడని చెప్పుకోగలనా?"

"చెప్పుకోలేరు సార్."

"అమ్మాయి చదువుకి అడ్డం పడ్డాడనిపించుకోవడం నాకిష్టం లేదు. కాగితం కావాలంటే ఇస్తాను. ఇచ్చాక నువ్వు ఇక్కడుండలేవు. వద్దంటావా, నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు. వెళ్ళి ఆ బీరువాకి రెండో పూత వెయ్యి. నీ ఇష్టం."

నాన్న ఆలోచిస్తాడనుకున్నాను. ఒక పూటైనా గడువడుగుతాడనుకున్నాను. లోపలికి పరిగెత్తి వద్దని అరుద్దామని ఒక అడుగు వేశాను కూడా.

"రాయండి సార్" అన్నాడు నాన్న.

అంతే. బేరం లేదు, బతిమాలడం లేదు. బల్ల మీద ఇనప వస్తువు పెట్టిన చప్పుడైంది. అది తాళంచెవని చూడకపోయినా తెలిసింది.

ఆ ఓనరుని నేను చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టబుద్ధి కాదు. ఆయన రాసిన కాగితం నేను బస్సులో చదివాను. సోఫా తనదేననీ, ఒక్క రోజుకి నాన్న తీసుకెళ్ళి క్షేమంగా తిరిగి పెట్టాడనీ రాశాడు. అడక్కుండా తీసుకెళ్ళాడని రాయలేదు. రాసి ఉంటే మా నాన్న పేరు మీద దొంగ అన్న మాట ఆ ఫైల్లో ఎప్పటికీ ఉండిపోయేది. ఆ ఒక్క మాట రాయనందుకు ఆయనకి నా దణ్ణాలు.

నాన్న బయటికి వచ్చేసరికి మొహం నిండా నవ్వు. "ఇచ్చాడమ్మా! మనం ఊరికే భయపడ్డాం. మనసున్న మనిషి."

"ఏమన్నాడు నాన్నా?"

"ఏమంటాడు? నీ కూతురు పెద్దదైతే మా దుకాణాన్ని మర్చిపోతుందా అన్నాడు. మర్చిపోదు సార్ అన్నాను."

ఆయన చంకలో ఒక సంచీ ఉంది. పొద్దున వచ్చేటప్పుడు అది లేదు. మూతి దగ్గర భోజనం డబ్బా అంచూ, పాలిష్ వేసేటప్పుడు తొడుక్కునే చొక్కా చెయ్యీ కనిపిస్తున్నాయి.

"సంచీలో ఏంటి?"

"పాత గుడ్డలు. మీ అమ్మ ఉతుకుతుందని."

నేను వినలేదన్నట్టే ఉండిపోయాను. ఆయన అంత కష్టపడి నవ్వుతుంటే ఆ నవ్వు తీసేయడానికి నాకు మనసొప్పలేదు. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, దారంతా హాస్టల్లో ఎలా ఉండాలో చెబుతూనే ఉన్నాడు. మంచం గోడకి దూరంగా వేసుకోవాలట, గోడకి చెమ్మ ఉంటుందట. బల్ల ఇస్తే దాని మీద వేడి గ్లాసు పెట్టకూడదట, పాలిష్ పోతుందట. ఎప్పుడూ చూడని హాస్టలు గురించి అంత ధైర్యంగా చెబుతున్న మనిషిని చూస్తే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇలాంటి నాన్న ఉన్నందుకు నేనేం చెయ్యాలో ఆ రోజే తెలియలేదు, ఈ రోజుకీ తెలియదు.

ఐదుకి పది నిమిషాలుండగా మేడమ్ గదిలోకి వెళ్ళాం. ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది, ముద్ర వెలుగులో పెట్టి చూసింది, ఫైలుకి గుచ్చింది. తర్వాత తెల్లకాగితం తీసుకుని తన చేత్తో నాలుగు వాక్యాలు రాసింది. కింద సంతకం పెట్టింది. ఆ నాలుగు వాక్యాలూ నేను తలకిందులుగా చదివాను. 'నా విచారణలో పొరపాటు జరిగింది' అన్నది మొదటి వాక్యం.

"ఇక ఒక్కటే. పూచీ కాగితం" అంది. "హాస్టల్లో చేరే ప్రతి అమ్మాయికీ బయట ఒకరు పూచీ ఉండాలి. పనిలో ఉన్న తండ్రయితే ఆయన సంతకం చాలు. లేకపోతే జీతం వచ్చే ఇంకెవరైనా స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలి, అదీ ఈ రోజే. ఒక్క మాట ముందే చెబుతున్నాను. ఒకసారి తేడా వచ్చిన ఫైలిది. ఇప్పుడు ఇందులో ఏ ఒక్కటి నిజం కాదని తేలినా సీటు రద్దు. మళ్ళీ అభ్యంతరాలూ అవీ ఉండవు."

అమ్మ బైండింగ్ షెడ్డులో ఉంది. అక్కణ్ణించి ఇక్కడికి రావడానికి ఎంత లేదన్నా గంట పడుతుంది.

మేడమ్ పూచీ కాగితం బల్ల మీద పరిచి కలం పట్టుకుంది. "తండ్రి ప్రస్తుతం చేస్తున్న పని?"

మేమిద్దరం ఒకేసారి నోరు తెరిచాం.

"ఫర్నిచర్ పాలిష్" అన్నాడు నాన్న.

"ఏమీ లేదు" అన్నాను నేను.

కలం కాగితానికి ఆనకుండా ఆగిపోయింది. నాన్న నెమ్మదిగా నా వైపు తిరిగాడు. దుకాణం నించీ ఆయన మొహం మీద నిలబెట్టుకున్న నవ్వు అప్పుడు పోయింది.

"విన్నావా?" అన్నాడు.

తలూపాను.

మేడమ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వరండా చివర ప్యూను ఒక్కో గదీ మూసి తాళం వేసుకుంటూ ఇటే వస్తున్నాడు. ఆవిడ లేచింది, మమ్మల్ని దాటుకుని వెళ్ళి, గది తలుపు మూసి లోపలి నించి గడియ పెట్టింది.

మిగతాది వచ్చే వారం.